ఆన్‌లైన్ వ్యవసాయ పాఠాలు తెరుచుకోవడం లేదా? ప్రింటు తేడాగా వస్తోందా?

సాగు పాఠాలు, శిక్షణ నోట్సు ఇప్పుడు చాలావరకు ఇంటర్నెట్‌లోనే దొరుకుతున్నాయి. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం, మేనేజ్ వంటి సంస్థల సమాచారం గానీ, వికాస్‌పీడియా పేజీలు గానీ ఫోనులోనే చదువుకోవచ్చు. అయితే మందు కలిపేటప్పుడు తడి చేతులతో ఫోను తీయలేం. అందుకే చాలామంది కాగితం మీద ప్రింటు తీయించుకుంటారు. మీరాలం మండికి కూరగాయలు తెచ్చే రైతులకు దగ్గరలోనే ఛత్తా బజార్ ఉంది. పెళ్లి పత్రికలకు పేరున్న ఈ పాతబస్తీ వీధిలో ప్రింటు పనికి కొదవ లేదు. కాకపోతే తెల్లవారుజామున మండి పని అయిపోయినా షాపులు తెరిచేసరికి పొద్దెక్కుతుంది. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ కూడా చూసుకుని వెళ్లండి.

అక్కడ ఒక విషయం గుర్తుంచుకోండి. షాపు అతనికి తెలుగు మాట్లాడటం వచ్చినా చదవడం రాకపోవచ్చు. ఒత్తు పోయినా, గుణింతం మారినా అతను గుర్తించలేడు. కాగితాన్ని సరిచూసుకోవలసింది మీరే.

లింకు కాదు, ఫైలు పంపండి

లాగిన్ అయి చదివే కోర్సు అయితే, మీ ఫోనులో కనిపించే పాఠం షాపు కంప్యూటర్‌లో కనిపించదు. లింకు పంపితే అక్కడ తెరుచుకునేది లాగిన్ పేజీ. కాబట్టి ముందుగా మీ ఫోనులోనే పాఠాన్ని పీడీఎఫ్‌గా దింపుకోండి. డౌన్‌లోడ్ గుర్తు లేకపోతే క్రోమ్‌లో పైనున్న మూడు చుక్కలు నొక్కి, షేర్, ఆ తర్వాత ప్రింట్ నొక్కండి. ప్రింటర్ పేరు ఉండే చోట 'సేవ్ యాజ్ పీడీఎఫ్' ఎంచుకుంటే ఫైలు ఫోనులో చేరుతుంది. దాన్ని ఒకసారి తెరిచి చివరి పేజీ వరకు చూడండి. ఊళ్లో సిగ్నల్ మధ్యలో పోతే ఫైలు సగమే దిగుతుంది, చాలాసార్లు అసలు తెరుచుకోదు. అప్పుడు దాన్ని తీసేసి మళ్లీ దింపుకోవాలి.

షాపు కంప్యూటర్‌లోనే లాగిన్ కావలసి వస్తే పాస్‌వర్డ్ సేవ్ చేయమంటారా అన్న ప్రశ్నకు వద్దనే చెప్పండి. పని అయ్యాక లాగౌట్ అవ్వండి. వాట్సాప్ వెబ్ వాడి ఉంటే దాన్నీ మీ ఫోను నుంచే తొలగించండి.

ఏ వెబ్‌సైటు తెరిచినా 'సురక్షితం కాదు' అని బ్రౌజర్ అడ్డుపడుతుంటే ఆ కంప్యూటర్‌లో తేదీ చూడండి. లోపలి చిన్న బ్యాటరీ అయిపోయిన పాత కంప్యూటర్లలో తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. తేదీ సరిచేస్తే చాలు. ఇక ఫ్లాష్‌తో తయారుచేసిన పాత బొమ్మల పాఠాల కోసం తంటాలు పడకండి. ఫ్లాష్‌కు 2020 డిసెంబరు 31తో మద్దతు ఆగిపోయింది. ఏ బటన్ నొక్కినా అవి ఇప్పటి బ్రౌజర్లలో నడవవు.

తెలుగు అక్షరాలు చెదిరిపోతే

యూనికోడ్ వాడుకలోకి రాకముందు తెలుగును అను వంటి ప్రత్యేక ఫాంట్లలో టైపు చేసేవారు. వాటిలో కంప్యూటర్ దాచుకునేది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలనే, తెలుగు రూపం ఇచ్చేది ఫాంటు. ఆ ఫాంటు లేని చోట అదే పాఠం అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది. ఉర్దూ ఇన్‌పేజ్ ఫైళ్లతో ఇలాంటి చిక్కులు చూసిన ఛత్తా బజార్ వాళ్లకు 'ఫాంటు సమస్య' అంటే చాలు, అర్థమవుతుంది. ఫాంటును లోపల ఇమిడ్చిన పీడీఎఫ్ దొరికితే ఈ బాధ ఉండదు.

తెర మీద బాగానే ఉండి, కాగితం మీద మాత్రం 'మొక్క' కాస్తా 'మొక' అయితే ప్రింటు పెట్టెలో అడ్వాన్స్‌డ్ లేదా మోర్ సెట్టింగ్స్ తెరిచి 'ప్రింట్ యాజ్ ఇమేజ్' అన్నదానికి టిక్కు పెట్టమనండి. పేజీ మొత్తం బొమ్మగా వెళ్తుంది కాబట్టి ఒత్తులు ఎక్కడివక్కడే ఉంటాయి. కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

పట్టిక కుడి అంచు చూడండి

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. మందుల పట్టికలో ముందు పురుగు పేరు, తర్వాత మందు, మోతాదు, చివరగా కోతకు ఎన్ని రోజుల ముందు పిచికారీ ఆపాలో ఉంటాయి. వెబ్ పేజీని నేరుగా ప్రింటు చేస్తే కుడివైపు గడి తెగిపోవచ్చు. మిగతాదంతా చక్కగా కనిపిస్తుంది కాబట్టి ఏదో పోయిందన్న అనుమానం కూడా రాదు. ఆ కాగితం నమ్మి మందు కొట్టిన కూరగాయలే మళ్లీ మండికి వస్తాయి. ప్రింటుకు ముందు ప్రివ్యూ చూడండి. కాగితం సైజు ఏ4 ఉందా, లెటర్ ఉందా గమనించండి. 'ల్యాండ్‌స్కేప్' పెట్టి అడ్డంగా తీయండి. అప్పటికీ పట్టకపోతే స్కేలు 80 శాతానికి తగ్గించండి.

చుక్క విషయంలో కూడా జాగ్రత్త. ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం మందును లీటరు నీటికి 0.3 మి.లీ. అని పాఠాల్లో చూస్తుంటాం. సిరా తక్కువైనా, జిరాక్సుకు జిరాక్సు తీసినా ఆ చుక్క మాయమవుతుంది. 3 మి.లీ. అని చదివితే మోతాదు పది రెట్లు. పైసలు ఆదా అవుతాయని ఒక కాగితం మీద నాలుగు పేజీలు వేయించే అలవాటు మోతాదు పట్టికలకు పనికిరాదు. షాపులోనే నిలబడి, ఫోను పక్కన పెట్టుకుని ప్రతి అంకె సరిచూడండి. మసకగా ఉన్నదాన్ని పెన్నుతో దిద్దుకోండి.

ఆకుల ఫొటోలున్న పేజీలను మాత్రం రంగుల్లోనే తీయించండి. నత్రజని లోపిస్తే ముదురాకులు పసుపు రంగుకు మారతాయి. ఇనుము లోపిస్తే లేత ఆకులు పాలిపోయి ఈనెలు పచ్చగా మిగులుతాయి. నలుపు తెలుపులో రెండూ ఒకే బూడిద రంగు.

ఏదైనా అంకె మీద అనుమానం మిగిలితే మందు కలపకముందే మీ రైతు వేదికలోని వ్యవసాయ విస్తరణ అధికారికి కాగితం చూపించండి. లేదా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోను చేయండి. ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు తెలుగులో మాట్లాడవచ్చు, ఛార్జీ ఉండదు. మందు పేరుతో పాటు డబ్బా మీద ఉన్న శాతం కూడా చెప్పండి.