పెరటి తోటకు వాన నీటి తొట్టి: పరిమాణాన్ని నిర్ణయించేది వర్షపాతం కాదు, వాన విరామం

పెరటి తోటల పెంపకంపై ఆసక్తి పెరుగుతున్న కొద్దీ ఇంటి కప్పుపై కురిసిన వాన నీటిని తొట్టిలో నిల్వ చేసుకోవాలన్న ఆలోచన కూడా బలపడుతోంది. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన వాల్టా చట్టం వాన నీటి సంరక్షణకు ప్రాధాన్యమిచ్చింది. ఆచరణలో ఇది ఎక్కువగా ఇంకుడు గుంతల రూపంలోనే కనిపిస్తుంది. ఇంకుడు గుంత భూగర్భ జలాన్ని పెంచుతుంది. తొట్టి మాత్రం మొక్కకు అవసరమైన రోజున నీరందించాలి. కాబట్టి రెండింటి పరిమాణాన్ని ఒకే లెక్కతో నిర్ణయించడం సరికాదు.

కప్పు ఇచ్చేదెంత, తోట కోరేదెంత

ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన కురిస్తే ఒక లీటరు నీరు వస్తుంది. అనంతపురం ప్రాంతపు సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. అక్కడ 100 చదరపు మీటర్ల డాబా ఉన్న ఇంటిని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఆవిరి, చిమ్ముడు, వడపోత నష్టాలకు 20 శాతం తీసివేస్తే ఏడాదికి 44,000 లీటర్లు లభిస్తాయి. ఈ అంకెను చూసి పెద్ద తొట్టి కట్టాలనుకోవడం సహజం. కానీ ఈ నీరంతా ఒకేసారి రాదు, ఒకేసారి అవసరమూ కాదు.

అదే ఇంటి పెరట్లో ఒక సెంటు, అంటే సుమారు 40 చదరపు మీటర్ల కూరగాయల తోట ఉందనుకుందాం. ఖరీఫ్‌లో రోజుకు 4 మి.మీ. చొప్పున 160 లీటర్లు అవసరమవుతాయి. మూడు వారాలు వాన లేకుండా బెట్ట ఏర్పడితే కావలసింది 3,360 లీటర్లు. నష్టాలకు నాలుగో వంతు కలిపినా 4,200 లీటర్లకు మించదు. అంటే 5,000 లీటర్ల తొట్టి ఆ బెట్టను దాటిస్తుంది. వాడిన 3,360 లీటర్లు తిరిగి చేరడానికి 42 మి.మీ. వాన చాలు. ఇది ఒకటి రెండు మంచి వానల్లో సమకూరుతుంది.

వేసవి లెక్క వేరు. ఫిబ్రవరి నుంచి మే వరకు 120 రోజులకు, రోజుకు 5 మి.మీ. చొప్పున, అదే తోటకు 24,000 లీటర్లు కావాలి. అంత తొట్టి ఒక్కసారి నిండడానికే 300 మి.మీ. వాన కురవాలి. అనంతపురంలో ఎక్కువ వాన పడే నెల సెప్టెంబరు. ఆ నెల, దాని వెనుక వచ్చే ఈశాన్య రుతుపవనాలు నిరాశపరిచిన ఏడాదిలో పెద్ద తొట్టి సగం కూడా నిండకపోవచ్చు. ఏడాదికి ఒక్కసారి నిండే 24,000 లీటర్ల తొట్టి, ఐదుసార్లు నిండి ఖాళీ అయ్యే 5,000 లీటర్ల తొట్టి దాదాపు సమానమైన నీటినే అందిస్తాయి. ఖర్చులో మాత్రం ఎంతో తేడా ఉంటుంది.

వేసవికి తొట్టిని కాదు, తోటను సర్దాలి

నవంబరు చివరి వానతో 5,000 లీటర్ల తొట్టి నిండితే, డిసెంబరు, జనవరి నెలల్లో రోజుకు 3 మి.మీ. చొప్పున సెంటు తోట అంతటికీ వాడినప్పుడు ఆ నీరు ఆరు వారాలకే అయిపోతుంది. సాగును పావు సెంటుకు తగ్గిస్తే రోజుకు 30 లీటర్లు సరిపోతాయి. జనవరి చివరికి ఇంకా 3,140 లీటర్లు మిగులుతాయి. ఫిబ్రవరి నుంచి రోజుకు 50 లీటర్లు వాడినా ఏప్రిల్ మొదటి వారం వరకు నీరుంటుంది. ఆకుకూరలు, నారుమడి, కరివేపాకు వంటివి ఆ పావు సెంటులో ఉంచి, ఎండుగడ్డితో మల్చింగ్ చేయాలి. మిగిలిన నేలను ఖాళీగా వదిలి జూన్‌కు సిద్ధం చేసుకోవచ్చు.

ఎలాంటి తొట్టి?

ప్లాస్టిక్ తొట్టిని త్వరగా అమర్చుకోవచ్చు, తరలించవచ్చు. వెలుతురు చొరబడని ముదురు రంగుది ఎంచుకుంటే నాచు పెరగదు. ఫెర్రోసిమెంటు తొట్టిని తీగ వల, పలుచని సిమెంటు పూతలతో కావలసిన పరిమాణంలో అక్కడే కట్టుకోవచ్చు. కట్టిన తర్వాత రెండు వారాలైనా తడుపుతూ ఉండకపోతే పగుళ్లు వస్తాయి. కొత్త సిమెంటు తొట్టిలోని మొదటి నీటిలో క్షారగుణం ఎక్కువ కాబట్టి దానిని నారుమడికి వాడరాదు. భూగర్భ సంపు స్థలాన్ని ఆదా చేస్తుంది, కానీ నీరు తోడడానికి మోటారు, పిల్లలు పడకుండా గట్టి మూత తప్పనిసరి. నల్లరేగడి నేలలు ఎండకు పగులుతూ, వానకు ఉబ్బుతూ ఉంటాయి కనుక అక్కడ ఇటుక కట్టడం, సంపు దెబ్బతినే ప్రమాదం ఎక్కువ.

నిండిన 5,000 లీటర్ల తొట్టిలో నీటి బరువే ఐదు టన్నులు. ఇంజనీరు సలహా లేకుండా దానిని డాబాపై పెట్టరాదు. నేలపై ఒక మీటరు ఎత్తు గట్టి దిమ్మె కడితే, తక్కువ ఒత్తిడితో పనిచేసే బిందు సేద్య పరికరాలకు మోటారు లేకుండానే నీరు పారుతుంది.

నాణ్యత, ఆరోగ్యం

వాన నీటిలో లవణాలు అతి తక్కువ. బోరు నీటి విద్యుత్ వాహకత మీటరుకు 3 డెసీ సైమన్లు ఉంటే, సమపాళ్లలో వాన నీరు కలిపినప్పుడు అది సుమారు 1.5కు దిగుతుంది. లవణాలను తట్టుకోలేని చిక్కుడు జాతి పంటలకు ఇది పెద్ద ఊరట. ఉప్పు నీటి ప్రాంతాల్లో తొట్టి విలువ లీటర్ల లెక్కకు మించి ఉంటుంది.

కప్పుపై దుమ్ము, పక్షుల రెట్టలు ఉంటాయి కాబట్టి మొదటి ఒకటి రెండు మిల్లీమీటర్ల వానను, అంటే ఈ డాబాకు 100 నుంచి 200 లీటర్లను, బయటకు మళ్లించాలి. ఆ తర్వాతి నీటిని కూడా ఆకులపై చల్లకుండా మొదళ్లకే పారించాలి. పచ్చిగా తినే ఆకుకూరల విషయంలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమకు నిలిచిన మంచి నీరే నెలవు. నీరు వచ్చే గొట్టానికి జాలీ కట్టి, పొర్లు గొట్టాన్ని వదిలేస్తే ప్రయోజనం లేదు. రెండింటికీ సన్నని జాలీ, తొట్టికి బిగుతైన మూత ఉండాలి. పొర్లిన నీటిని పునాదికి దూరంగా ఇంకుడు గుంతకు మళ్లిస్తే తొట్టి, గుంత ఒకదానికొకటి తోడవుతాయి.

సలహా ఇచ్చే ముందు

విస్తరణ శాస్త్రవేత్త ముందుగా తెలుసుకోవలసినవి నాలుగు: కప్పు వైశాల్యం, తోట వైశాల్యం, ఆ మండలంలో ఖరీఫ్ బెట్ట సాధారణంగా ఎన్ని రోజులుంటుంది, అందుబాటులో ఉన్న ఇతర నీటి నాణ్యత. వార్షిక వర్షపాతం కప్పు సామర్థ్యాన్ని మాత్రమే చెబుతుంది. తొట్టి ఎంత ఉండాలో బెట్ట రోజులను తోట రోజువారీ అవసరంతో గుణిస్తే తెలుస్తుంది. ఈ లెక్కను కుటుంబంతో కలిసి కాగితంపై వేసి చూపిన తర్వాతే తొట్టి పరిమాణాన్ని సూచించడం మంచిది.