విండోస్ తెరుచుకోకపోయినా వీడియో చూడవచ్చు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగారు. కవితలు రాయడం నాకు చేతకాదు. అందుకే నాకు ఆలస్యంగా తెలిసిన ఒక విషయం రాస్తున్నాను. మీకు ముందే తెలిస్తే డబ్బు, చదువు రెండూ నష్టపోకుండా ఉంటారు.

ఎం.సి.ఏ. ప్రాజెక్టు వైవాకు పదకొండు రోజులు ఉందనగా నా లాప్‌టాప్ మొరాయించింది. అది సెకండ్‌హ్యాండ్‌ది. అమ్మ డ్వాక్రా గ్రూపులో అప్పు తీసుకుని కొనిచ్చింది. వాయిదాలు ఇంకా తీరలేదు. స్విచ్ వేస్తే కంపెనీ గుర్తు, తరువాత నీలం తెర, అంతే. రిపేరు షాపులో "హార్డ్ డిస్క్ పోయింది, కొత్తది వేయాలి, లోపలివి రావు" అన్నారు. నా ప్రాజెక్టు, పాఠాల వీడియోలు అన్నీ అందులోనే ఉన్నాయి. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కడినే. ఈ సంగతి ఇంట్లో ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

అప్పుడు మన హాస్టల్‌లోనే చదివిన ఒక సీనియర్ అన్న పెన్‌డ్రైవ్ తెచ్చి పెట్టాడు. కాసేపటికి వేరే తెర వచ్చింది. నా హార్డ్ డిస్క్ తెరిచి ఒక పాఠం వీడియో మీద నొక్కాడు. బొమ్మ కదిలింది, మాట వినిపించింది. "చూశావా, డిస్క్ చదువుతోంది, స్పీకర్ పలుకుతోంది, తెర బాగుంది. పోయింది విండోస్ ఒక్కటేరా" అన్నాడు.

ఇది ఎలా సాధ్యం?

మన హాస్టల్‌నే ఉదాహరణగా తీసుకుందాం. స్టోర్ రూములో బియ్యం ఉన్నాయి, వంటగది ఉంది. వార్డెన్ గారు సెలవులో ఉంటే తాళాలు ఎవరి దగ్గర? ఇన్‌ఛార్జి వార్డెన్ వస్తే అదే బియ్యంతో అన్నం వండుతారు. కంప్యూటర్‌లో విండోస్ కూడా వార్డెన్ లాంటిదే. వీడియో ఫైలు బియ్యం లాంటిది. ఫైలు విండోస్‌ది కాదు, డిస్క్‌లో విడిగా ఉంటుంది.

స్విచ్ వేయగానే మొదట లేచేది విండోస్ కాదు. మదర్‌బోర్డు మీద బయోస్ అనే చిన్న ప్రోగ్రాం ఉంటుంది. కొత్త వాటిలో దీని స్థానంలో యు.ఇ.ఎఫ్.ఐ. ఉంటుంది. అది ర్యామ్‌ను, కీబోర్డును సరిచూసుకుని ఆపరేటింగ్ సిస్టం కోసం వెతుకుతుంది. హార్డ్ డిస్క్‌కు బదులు పెన్‌డ్రైవ్ చూపిస్తే అందులో ఉన్న లైనక్స్‌ను ర్యామ్‌లోకి తెచ్చుకుని పని చేస్తుంది. దీనినే లైవ్ సిస్టం అంటారు. జర్మనీకి చెందిన క్లాస్ నాపర్ 2000లో విడుదల చేసిన నాపిక్స్ సి.డి. ద్వారా ఈ పద్ధతి చాలామందికి తెలిసింది.

లాప్‌టాప్ కంపెనీలు కూడా ఈ పని చేశాయి. 2004లో వచ్చిన హెచ్.పి. పెవిలియన్ డివి1000లో క్విక్‌ప్లే ఉండేది. విండోస్ లేవకుండానే సినిమా డి.వి.డి. చూడవచ్చు. డెల్ వారి కొన్ని మోడళ్లలో మీడియా డైరెక్ట్ అని విడిగా మీటే ఉండేది. విండోస్ లేవడానికి చాలాసేపు పట్టే రోజులవి. తరువాత ఎస్.ఎస్.డి.లు వచ్చి విండోసే త్వరగా లేవడంతో ఆ మీటల అవసరం తీరిపోయింది.

మనం చేయవలసింది

1. 8 జి.బి. పెన్‌డ్రైవ్ ఒకటి, పనిచేసే కంప్యూటర్ ఒకటి కావాలి. లైనక్స్ మింట్ ఫైలును ఉచితంగా దించుకుని, రూఫస్ అనే ప్రోగ్రాంతో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు ఉన్నవి చెరిగిపోతాయి.

2. లాప్‌టాప్ ఆన్ చేస్తూనే బూట్ మెనూ కీ నొక్కాలి. చాలా డెల్, లెనోవో వాటిలో ఎఫ్12, హెచ్.పి.లో ఎఫ్9, అసూస్‌లో ఎస్కేప్. అందులో యు.ఎస్.బి. ఎంచుకోవాలి.

3. డెస్క్‌టాప్ వచ్చాక ఫైల్ మేనేజర్‌లో హార్డ్ డిస్క్ తెరిచి వీడియో నొక్కాలి. ఆడకపోతే ఫోన్ ద్వారా నెట్ కలిపి వి.ఎల్.సి. వేసుకోవాలి. అది ర్యామ్‌లోనే ఉంటుంది కనుక ఆఫ్ చేస్తే పోతుంది.

జాగ్రత్తలు

డెస్క్‌టాప్ మీద ఇన్‌స్టాల్ అనే బొమ్మ కనిపిస్తుంది. దాని జోలికి పోకండి. తొందరలో డిస్క్ మొత్తం చెరిపే అవకాశం అక్కడే ఉంది.

విండోస్ పూర్తిగా ఆఫ్ కాకుండా నిద్రావస్థలో ఉంటే డిస్క్‌ను చదవడానికి మాత్రమే తెరవవచ్చు. వీడియో చూడడానికి, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవడానికి అది చాలు. బిట్‌లాకర్ తాళం ఉంటే మాత్రం 48 అంకెల రికవరీ కీ లేనిదే తెరుచుకోదు. డిస్క్ టక్‌టక్‌మని శబ్దం చేస్తుంటే వీడియోలు చూస్తూ కూర్చోకండి. ముఖ్యమైనవి ముందు కాపీ చేసుకోండి. ఇంకొకరి లాప్‌టాప్‌ను వారికి చెప్పకుండా ఇలా తెరవడం తప్పు.

ఆ రాత్రే నా ప్రాజెక్టు కాపీ చేసుకున్నాను. తరువాత అదే డిస్క్‌లో విండోస్ మళ్లీ వేసుకున్నాను. కొత్తది కొనలేదు. వైవా సకాలంలో పూర్తయింది. ఈ సంగతి అమ్మకు వైవా అయ్యాకనే చెప్పాను.

తమ్ముళ్లారా, "పోయింది" అని ఎవరన్నా అంటే ఏది పోయిందో అడగండి. మనకు తెలియదని అనుకుంటే ఎవరైనా ఏదైనా చెబుతారు. అలాంటి పెన్‌డ్రైవ్ ఒకటి తయారుచేసి మన హాస్టల్ రీడింగ్ రూములో ఇచ్చి వెళుతున్నాను. ఒకరు నేర్చుకుని ఇంకొకరికి నేర్పండి.

– పూర్వ విద్యార్థి, ఎం.సి.ఏ.