చక్రాల మీద ఇల్లు కట్టే విధానం



ఇల్లు అనగా కదలనిది అని మనం అనుకుంటాం. కాని మన హాస్టల్‌లో చాలామంది అమ్మానాయనలు ఏడాదికి మూడు నెలలు కదులుతనే ఉంటరు. సంక్రాంతి పోగానే భద్రాచలం అవతలి ఊళ్ల నుంచి ట్రాక్టర్లు ఎక్కి ఎర్రుపాలెం, మధిర వైపు మిరప తోటల్లోకి కాయ ఏరడానికి వస్తరు. ఉగాది దాకా చేను గట్టు మీద పట్టా గుడిసెలే. ఒక తోట అయిపోతే పట్టా మడత పెట్టి ఇంకో తోటకు పోతరు. ఊళ్లో ఇల్లు మాత్రం తాళం వేసి ఉంటది.

పోయిన ఏడు నేను సెలవు పెట్టి అమ్మ దగ్గరికి పోయిన. ఆ రాత్రి గాలివాన వచ్చింది. పట్టా లేచి పోయింది. నాయన, మామ పట్టా వెనకాల ఉరికిండ్రు. తమ్ముడి పుస్తకాలు తడవకుండ అమ్మ వాటి మీద బోర్లా పడుకుంది. అయినా తడిసినయ్. అప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన. పని కదిలితే ఇల్లు కూడ ఎందుకు కదలకూడదు? సైన్సు సారును అడిగి, లైబ్రరీలో చూసి, మా తాతను అడిగి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

ఇది కొత్త సంగతి కాదు

వెనకటికి ఇంగ్లాండులో గొర్రెల కాపరులకు చక్రాల గుడిసెలు ఉండేవి. గొర్రెలు ఈనే కాలంలో కాపరి అందులోనే పండుకునేవాడు. లోపల చిన్న పొయ్యి, మంచం. మంద ఎటు పోతే గుడిసెను అటు లాక్కపోయేవారు. మన గూడు బండి కూడ అటువంటిదే గదా. 1999లో అమెరికాలో జే షాఫర్ అనే ఆయన వంద చదరపు అడుగులకు తక్కువ ఇల్లు చక్రాల మీద కట్టుకున్నాడు. ఆయనను చూసి చాలామంది కట్టుకున్నరు. 2019లో తమిళనాడు నామక్కల్‌కు చెందిన అరుణ్ ప్రభు అనే యువకుడు మూడు చక్రాల ఆటో మీద ఇల్లు తయారు చేసిండు. అడుగు భాగం 36 చదరపు అడుగులే. పాత సామాన్లు కూడ వాడి దాదాపు లక్ష రూపాయలలో పూర్తి చేసిండు. కావున ఇది మన దేశంలో కూడ అయ్యే పనే.

1. కొలత

మేము టేపుతో ఒక ట్రాక్టర్ ట్రాలీని కొలిచినం. పొడవు 11 అడుగులు, వెడల్పు 6 అడుగులు. ఇల్లు ట్రాలీ కంటె కొంచెం వెడల్పు ఉండొచ్చు, కాని ఇష్టం వచ్చినంత కాదు. మన దేశంలో మోటారు వాహనాల నిబంధనల ప్రకారం బండి వెడల్పు 2.6 మీటర్లు దాటరాదు. అంటే ఎనిమిదిన్నర అడుగులు. మేము ఏడున్నర అడుగులు అనుకున్నం. ఎత్తు ఆరున్నర అడుగులు చాలు. ట్రాలీ ఎత్తుతో కలిపితే భూమి నుంచి పది అడుగులు అవుతది. ఎక్కువ ఎత్తు పెడితే కరెంటు తీగెలకు, చెట్ల కొమ్మలకు తగులుతది, మూలమలుపుల్లో ఒరుగుతది.

2. బరువు

ఇటుకలతో ఎందుకు కట్టకూడదు అని మా క్లాసులో ఒక అమ్మాయి అడిగింది. లెక్క చూద్దాం. ఒక ఇటుక సుమారు 3 కిలోలు. ఇంత చిన్న ఇంటికి సన్న గోడ కట్టినా వెయ్యి ఇటుకలు పడతయ్. అనగా 3 టన్నులు! గోడలకే ట్రాలీ కుంగిపోతది. పైగా గుంతల రోడ్డులో ఇటుక గోడ పగులుతది. వెదురు తడక అయితే వంగుతది గాని విరగదు. ఇనుప చట్రం, వెదురు, చెక్కలు, పైన రేకులు, లోపల పెట్టె, బియ్యం అన్నీ కలిపి మా లెక్కకు 600 కిలోలు వచ్చింది. 40 కిలోల మిరప బస్తాలు పదిహేను వేసినట్టు. అది ట్రాలీకి తేలికే.

3. మొగ్గు

ఇది అన్నింటికంటె ముఖ్యం. మా తాతకు చదువు రాదు, కాని ఇది ఆయనే చెప్పిండు. ఎడ్ల బండిలో బరువు ఇరుసుకు వెనక పడితే నొగలు పైకి లేచి ఎద్దుల మెడ పట్టుకుంటది. మరీ ముందు పడితే కాడి మెడ మీద కూర్చుంటది. బరువు ఇరుసు మీద ఉండి, కొంచెం ముందుకు మొగ్గాలి. రెండు చక్రాల ట్రాలీకి కూడ ఇదే సూత్రం. మొత్తం బరువులో పదోవంతు, లేదా దానికి కొంచెం ఎక్కువ ట్రాక్టరు కొక్కెం మీద పడాలి. వెనక బరువైతే ట్రాలీ పాములాగ అటూ ఇటూ ఊగుతది. కావున బియ్యం, నీళ్ల డ్రమ్ము ముందు వైపు, అడుగున పెట్టాలి. గరిమనాభి కింద ఉంటే పడిపోదు అని మన ఫిజిక్సులో ఉన్నది.

4. గోడలు, కప్పు

వెదురులో తీపి ఉంటది, అందుకే పుచ్చు పడుతది. కొట్టిన బొంగులను రెండు మూడు వారాలు నీళ్లలో నానబెట్టి నీడన ఆరబెడితే తీపి పోయి ఎక్కువ కాలం ఉంటది. 2017లో కేంద్రం అటవీ చట్టాన్ని మార్చింది. అడవి బయట పెరిగిన వెదురు ఇప్పుడు చట్టం ప్రకారం చెట్టు కాదు. అడవిలోని వెదురును 2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తి అన్నది.

కప్పుకు ఉత్త రేకు వేస్తే మార్చిలో లోపల ఉడికిపోతం. రేకు కింద జానెడు ఖాళీ వదిలి తడక కొట్టాలి. ఆ ఖాళీలో గాలి ఆడి వేడి పోతది. ఎదురెదురుగా రెండు కిటికీలు ఉండాలి. రేకులను గోడలకు, గోడలను చట్రానికి, చట్రాన్ని ట్రాలీకి బోల్టులతో బిగించాలి. ఏ ఒక్కచోట వదిలినా గాలి అక్కడి నుంచే లేపుతది. మా పట్టా అట్లనే పోయింది.

ట్రాలీ ఎవరిస్తరు?

ఇక్కడ నేను చాలా రోజులు ఆగిపోయిన. ఇల్లు ట్రాలీ మీదనే ఉంటే రైతు కాయలు దేని మీద తోలుతడు? మిరప కాలంలోనే ట్రాలీకి ఎక్కువ పని. కూలీ వాళ్లకు మూడు నెలలు ట్రాలీ ఎవరూ ఇవ్వరు, కొనే శక్తి మనకు లేదు.

జవాబు మన మంచెలో దొరికింది. మంచెకు కాళ్లు ఉంటయ్ గదా! ఇంటికి కూడ కాళ్లు పెట్టాలి. ట్రాలీ 6 అడుగులు, ఇల్లు ఏడున్నర అడుగులు. అంటే రెండు పక్కల ముప్పావు అడుగు బయటికి వస్తది. చేను దగ్గరికి వచ్చినంక బోల్టులు విప్పి, నాలుగు మూలల జాకీలు పెట్టి, నాలుగూ సమానంగ కొంచెం కొంచెం లేపాలి. నాలుగు వేళ్ల ఎత్తు లేచినంక మూలలకు ఇనుప పైపు కాళ్లు బిగించాలి. కాళ్ల కింద వెడల్పు బండలు వేయాలి, లేకపోతే నల్లరేగడిలో దిగబడుతది. అప్పుడు ట్రాలీని మెల్లగ ముందుకు లాగితే ఇల్లు కాళ్ల మీద నిలబడుతది. తరువాత కాళ్ల మధ్య అడ్డ కట్టెలు కట్టాలి. ఒక పళ్లెంలో నీళ్లు పోసి నేల మీద పెడితే వాలు ఎటున్నదో తెలుస్తది. ట్రాలీ ఒక్క పూటకు అడిగితే చాలు, మళ్లీ పోయే రోజు ఇంకో పూట. ఇల్లు భూమికి పైన ఉంటది కనుక పాములు, తేళ్లు, తడి భయం తక్కువ.

జాగ్రత్తలు

కదిలేటప్పుడు లోపల మనుషులు ఎవరూ ఉండరాదు. జాకీ మీద ఉన్నప్పుడు కింద దూరరాదు. పొయ్యి బయటనే పెట్టాలి. పురుగుమందు డబ్బాలు ఇంట్లోకి రానీయరాదు. పుస్తకాలకు కప్పు దగ్గర ఒక అర పెట్టాలి.

మేము చేసిన నమూనా

అడుగుకు ఒక అంగుళం చొప్పున వెదురు పుల్లలతో, సీసా మూతల చక్రాలతో నేను, మా రూం వాళ్లు చేసినం. వెనక రాళ్లు పెట్టి లాగితే ముందుభాగం లేచి బోర్లా పడ్డది. రాళ్లు ముందుకు జరిపితే సక్కగ నడిచింది. దారం ఒకవైపే కట్టి ఫ్యాను ముందు పెడితే కప్పు ఎగిరింది. నాలుగు వైపుల కడితే ఎగరలేదు. అది లైబ్రరీ బీరువా మీద ఉన్నది, చూడగలరు.

ముగింపు

మొన్న ఆదివారం అమ్మ నన్ను చూడ వచ్చినప్పుడు బొమ్మ చూపించి అంతా చెప్పిన. కొలత, బరువు, మొగ్గు, కాళ్లు అన్నీ. అమ్మ అన్నీ విని ఒకటే అడిగింది: "తలుపుకు లోపల గడియ ఉంటదా బిడ్డా?"

పట్టాకు తలుపు ఉండదు, గడియ ఉండదు. తానానికి చీకటి పడే దాకా ఆగాలి. రాత్రి అమ్మకు సగం నిద్రే. నేను ఇన్ని లెక్కలు వేసిన గాని గడియ గీయలేదు. ఆ రాత్రే పెన్సిల్‌తో గీసిన. పక్కన ఒక మూలకు తానాల గది కూడ గీసిన.

మీ ఇళ్లల్లో వడ్రంగం, వెల్డింగు తెలిసిన వారు ఉంటే ఈ కొలతలు చూపించి తప్పులు అడిగి నాకు చెప్పగలరు. రాసిన దానిలో అక్షర దోషాలుంటే మన్నించగలరు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని