సరకుల రవాణాకు వలయు చదువు

విశాఖపట్టణపు రేవును మన విద్యార్థులలో ననేకులు చూచియుందురు. 1933వ సంవత్సరమున నా రేవు తెఱువబడిన కాలమున, బస్తాలను మూపుపై మోయు కూలీల దేహబలమే సరకుల రవాణాకు ముఖ్యాధారము. నేడు బస్తాకు బదులు కంటైనరను పెద్ద యినుపపెట్టె వచ్చినది. 1956 ఏప్రిలు 26వ తేదీని అమెరికాలోని న్యూవార్కునుండి హ్యూస్టనునకు 'ఐడియల్ ఎక్స్' అను నోడ యిట్టి పెట్టెలను 58 గొనిపోయెను. పిదప నీ పద్ధతి లోకమంతటను వ్యాపించెను. పెట్టెను క్రేను ఎత్తును. దాని బరువును, గమ్యమును, లెక్కను మనుష్యుడే సరిచూడవలయును. మోయువారి పని తగ్గినది. చదివి లెక్కించువారి పని హెచ్చినది. కాని యీ క్రొత్తపనికి దగిన శిక్షణము అందఱికిని అందలేదు.

ఈ లోపము స్వల్పమని తలంపరాదు. 2007లో 'ఎం.ఎస్.సి. నాపోలి' అను నోడ యింగ్లీషు కాలువయందు తుపానులో జిక్కి దెబ్బతినెను. పిమ్మట డెక్కుమీది సుమారు 660 పెట్టెలను తూచి చూడగా, ఐదవవంతు పెట్టెల బరువు కాగితములలో వ్రాసినదానికిని వాస్తవమునకును మూడు టన్నులకు మించి భేదించెను. ఓడ చెడుటకు ఇదియొక్కటే హేతువు గాదు. అయినను తప్పు లెక్క యెంత యపాయకరమో తెలియవచ్చెను. సరిచూచిన బరువు తెలుపనిదే పెట్టెను ఓడ కెక్కింపరాదను అంతర్జాతీయ నిబంధన 2016 జూలై 1వ తేదీనుండి యమలులోనికి వచ్చినది.

మన తీరమునుండి విదేశములకు బోవు రొయ్యలను సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో నుంచవలయును. యంత్రమునకు ఋణచిహ్నము మఱచి 18 అని తెలిపినచో సరకంతయు గుళ్లిపోవును. బడిలో నొక మార్కు పోగొట్టు తప్పు, రేవులో నొక రైతు కష్టఫలమును హరింపగలదు.

ఇందులకు మార్గము రెండంచెలుగ నున్నది. బడిలో అంకగణితమును, భూగోళమును, స్పష్టమైన వ్రాతయును నేర్పవలయును. పిదప గిడ్డంగిలో, కాటాకడ, అనుభవజ్ఞుల చెంత పని నేర్వవలయును. ఇట్టి పనిశిక్షణకే 1961లో అప్రెంటిసుల చట్టము చేయబడినది. ఉన్నతవిద్యకై వడోదరలో గతిశక్తి విశ్వవిద్యాలయము 2022లో నేర్పడినది. చిరకాలము బరువులు మోసిన కార్మికులకును సాయంకాలపు తరగతులు పెట్టుట న్యాయము. ఏ సరకుపై నేది పేర్చిన నలుగునో వారెఱిగినట్లు గ్రంథము లెఱుగవు.

తలిదండ్రులారా! కాటాకడ పని హీనమని యెంచకుడు. బాలకులారా! రేపటి యోడ భారము నేటి మీ పలకపైని లెక్కలోనే యున్నదని మఱవకుడు.