రెండ్రోజుల పని పది రోజులు ఎందుకవుతుంది?

"యాప్‌లో మొబైల్ నంబర్ మార్చుకునే ఆప్షన్ పెట్టాలి. ఎన్నాళ్లు పడుతుంది?" అని మేనేజర్ అడుగుతాడు. "రెండ్రోజులు సార్" అంటాడు ప్రోగ్రామర్. అబద్ధమేం కాదు. అప్పటికి అతని కళ్లముందున్నది ఒక స్క్రీను, ఒక బటను, అంతే.

పని మొదలెట్టాక ప్రశ్నలు పుట్టుకొస్తాయి. ఓటీపీ పాత నంబరుకు పంపాలా, కొత్తదానికా? సిమ్ పోగొట్టుకున్నవాడికి పాత నంబరుకు పంపితే ఏం లాభం? పంపకపోతే, పాస్‌వర్డ్ తెలిసినవాడెవడైనా ఖాతా లాగేసుకోడూ? కొత్త నంబరు మీద ముందే వేరేవాళ్ల ఖాతా ఉంటే? (టెలికాం కంపెనీలు వాడకంలో లేని నంబర్లను మళ్లీ అమ్ముతాయి కనుక ఇది అరుదేమీ కాదు.) పైగా కొత్త ఎస్సెమ్మెస్ పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం దాని నమూనాను (టెంప్లేట్) ముందే డీఎల్‌టీ అనే రిజిస్టరులో నమోదు చేయించుకోవాలి. ఆ అనుమతి ఎప్పుడొస్తుందన్నది మన చేతిలో లేదు. తర్వాత రివ్యూ, టెస్టింగ్, బగ్గులు. కోడ్ రాయడానికి నిజంగానే రెండ్రోజులే పట్టి ఉండొచ్చు. క్యాలెండర్‌ను తినేసింది మిగతా పని.

ఇక్కడ ఒక లెక్క ఉంది. హైదరాబాద్ నుంచి విజయవాడకు కారులో మామూలుగా ఐదు గంటలు అనుకుందాం. రోడ్డు ఖాళీగా ఉంటే ఓ అరగంట కలిసొస్తుంది. సంక్రాంతి ముందు పంతంగి టోల్‌గేటు దగ్గర ఇరుక్కుంటే మాత్రం ఎంతసేపో చెప్పలేం. కలిసొచ్చేది కొంచెమే, జారిపోయేదానికి హద్దు లేదు. సాఫ్ట్‌వేర్ పనులదీ ఇదే తీరు. అందుకే పది పనుల "మామూలు" అంచనాలు కూడితే వచ్చేది మామూలు మొత్తం కాదు, తక్కువ మొత్తం.

1958 ప్రాంతంలో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి పనుల కోసం పెర్ట్ అనే పద్ధతి తయారుచేసుకుంది. ఒక అంకె బదులు మూడు అడగాలి: అన్నీ కలిసొస్తే, మామూలుగా, ఏదీ కలిసిరాకపోతే. మామూలు అంకెను నాలుగుతో హెచ్చించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగించాలి. మన పనికి ఒకటి, రెండు, తొమ్మిది రోజులు అనుకుంటే సగటు మూడు. ఆ తొమ్మిదిని తలుచుకోవడంతోనే రెండు మూడైంది.

అయితే ఆ తొమ్మిదీ నమ్మదగ్గదేనా? 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులను థీసిస్ ఎప్పటికి ముగిస్తారని అడిగారు. సగటున 33.9 రోజులన్నారు. అన్నీ ఎదురుతిరిగితే 48.6 అన్నారు. పట్టింది 55.5. భయపడి చెప్పిన అంకె కూడా చాల్లేదు.

కాబట్టి "ఈ పనికి ఎన్నాళ్లు?" కన్నా "ఇలాంటిది కిందటిసారి ఎన్నాళ్లు పట్టింది?" అన్నది మేలైన ప్రశ్న. ఒక్కో పనికీ టికెట్ తెరిచిన తేదీ, మూసిన తేదీ చాలా కంపెనీల దగ్గర ఉంటాయి. వాటిని తిరగేసేవాళ్లే తక్కువ. తిరగేసి "మూడు నుంచి తొమ్మిది రోజులు" అని చెప్పినా, క్లయింటుకు వెళ్లే షీటులో మూడే పడుతుంది. అంచనా కాస్తా అక్కడ మాటివ్వడం అయిపోతుంది.

గడువు దాటాక ఇంకో ఇద్దరిని ఆ పనిలో వేస్తారు. ఐబీఎంలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టం పనిని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే దీని గురించి రాశాడు: ఆలస్యమైన ప్రాజెక్టులో మనుషులను పెంచితే ఇంకా ఆలస్యమవుతుందని. ఆ కొత్తవాళ్లకు అంతా నేర్పాల్సింది, అప్పటికే గడువు దాటి తలమునకలై ఉన్న ఆ ప్రోగ్రామరే మరి.