మోటుపల్లి అభయశాసనము: ధర్మమును సుంకమును

మధ్యయుగాంధ్ర చరిత్రమును శాసనములనుండి గ్రహింపబూనిన వారికి తఱచుగా ఒక చిక్కు ఎదురగుచుండును. రాజు చేసిన ప్రతి కార్యమునకును శాసనకర్త ధర్మమునే హేతువుగా జెప్పును. చెరువు త్రవ్వించుట ధర్మము. సత్రము కట్టించుట ధర్మము. సుంకము విడుచుటయు ధర్మమే. ఈ మాటలను చదువరి యేవిధముగా గైకొనవలెను? ఇవి కవిసమయములవంటి యలంకారములు మాత్రమేయనియు, లోపలనున్నది బొక్కసపు లెక్కయేయనియు కొందఱి మతము. రాజుల ధర్మబుద్ధియే సర్వమునకు మూలమని మఱికొందఱి మతము. ఈ రెండు మతములలో నేదియు సమగ్రము గాదని చూపుటకు మోటుపల్లి అభయశాసనమునకు మించిన సాక్ష్యము మన దేశమున అరుదు.

మోటుపల్లి నేడు బాపట్ల జిల్లాలో సముద్రతీరమున నున్న చిన్న గ్రామము. కాకతీయుల కాలమున నది గొప్ప రేవుపట్టణము. అచటి వీరభద్రాలయమున కాకతీయ గణపతిదేవుని (1199-1262) శాసన మొకటి గలదు. దాని కాలము శక సంవత్సరము 1166, అనగా క్రీ.శ. 1244-45. హుల్ష్ పండితుడు దీనిని ఎపిగ్రాఫియా ఇండికా 12వ సంపుటమున ప్రకటించెను. ఓరుగల్లు సముద్రమునకు చాలదూరమున నున్నది. గణపతిదేవుడు తీరాంధ్రమును స్వాధీనము చేసికొన్న పిదపగాని కాకతీయ రాజ్యమునకు రేవులు లభింపలేదు. కావున నీ శాసనము, సముద్రమును క్రొత్తగా బొందిన రాజొకడు సముద్రముపై బ్రదుకువారితో చేసికొన్న యొప్పందమని చెప్పవచ్చును.

శాసనభావము సంగ్రహముగా నిట్లున్నది. ఒక దేశమునుండి మఱియొక దేశమునకు పోవుచు గాలివాన దెబ్బకు పగిలి యొడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మున్నగు సర్వస్వమును పూర్వరాజులు బలాత్కారముగా గొనుచుండిరి. తానట్లు చేయక, కరుణతో, కీర్తికొఱకును ధర్మముకొఱకును, నియతమైన సుంకము తప్ప తక్కినదంతయు వారికే విడుచుచున్నానని రాజు ప్రకటించెను. ప్రాణముకంటెను ధనమే గొప్పదని తలచి సముద్రయాన సాహసమునకు బూనినవారు అను విశేషణమును వర్తకులకు జేర్చెను. నానాద్వీపములకును దేశములకును పట్టణములకును పోవువారికిని, అచటినుండి వచ్చువారికిని ఈ యభయము చెల్లును. మతమునుబట్టిగాని దేశమునుబట్టిగాని యెవ్వరికిని ఇందు మినహాయింపు లేదు.

పిదప సుంకపు విషయము వచ్చును. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకపాలు సుంకమని నిర్ణయము. చందనము, కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, రాగి, పట్టునూలు, పగడములు, మిరియములు, పోకలు మున్నగు సరకుల పేర్లును వానిపై గొనదగిన మొత్తములును ప్రత్యేకముగా చెప్పబడినవి. కరుణను గూర్చి యొక వాక్యము, సుంకమును గూర్చి యొక పట్టిక: ఒకే శిలపై నీ రెండును గలసియుండుటయే మన ప్రశ్నకు మూలము.

పగిలిన ఓడపై రాజునకు హక్కు కలదా? ఈ విషయమున మన శాస్త్రములు మౌనము వహింపలేదు. కౌటిల్యుడు నావధ్యక్షుని విధులను వివరించుచు, గాలివాత బడిన ఓడను తండ్రివలె ననుగ్రహింపవలెననియు, నీటదడిసిన సరకునకు సుంకము తీసివేయుటయో సగము చేయుటయో యుచితమనియు విధించెను. గణపతిదేవుని కరుణ క్రొత్తగా బుట్టిన ధర్మము గాదు. శాస్త్రమున నదివఱకే కలదు. ఆచారమున మాత్రము లుప్తమైయుండెను. పూర్వరాజుల ప్రవర్తనమును శాసనమే బాహాటముగా జెప్పుటచే నీ యంతరము స్పష్టమగుచున్నది.

ఇక ఆచారమును సమర్థించినవారు దేని నాధారముగా గొనిరి? ఇచట విదేశీయుల సాక్ష్యము మిక్కిలి విలువైనది. 13వ శతాబ్ది చివర మన తీరములను వర్ణించిన మార్కోపోలో, మలబారు తీరమందలి ఏలి రాజ్యమును గూర్చి చెప్పుచు, వేఱొక రేవునకు బయలుదేఱి దైవవశమున తమ రేవు జేరిన ఓడను అచటివారు దోచుకొందురనియు, దేవుడే దానిని తమకు పంపెను గాన సొత్తంతయు తమదేయని వాదింతురనియు, అందు పాపమున్నదని తలపరనియు వ్రాసెను. 1442లో కళ్లికోట జేరిన పారసీక రాయబారి అబ్దుర్ రజాక్, ఇతర రేవులలో నిట్టి దురాచారము గలదనియు, కళ్లికోటలో మాత్రము అది లేదనియు మెచ్చుకొనెను. ఇది మన దేశమునకే పరిమితమైన దోషము గాదు. ఐరోపాలోను తీరప్రభువులు పగిలిన ఓడల సొత్తుపై హక్కు చెప్పుచుండిరి. ఓడ పగిలిన క్రైస్తవులను దోచుకొనువారిని 1179 నాటి మూడవ లాటరన్ మతసభ వెలివేయ వలసివచ్చెను.

ఇచట గమనింపదగిన దొకటి గలదు. దోచుకొన్నవాడును దైవమునే పేర్కొనెను. అభయమిచ్చినవాడును ధర్మమునే పేర్కొనెను. కాబట్టి దైవమను మాటయో ధర్మమను మాటయో యున్నంతమాత్రమున నొక శాసనము స్వభావము తేలదు. ఆ మాట యెవ్వరిని బంధించుచున్నదో చూడవలెను. ఏలి వాదము బలవంతుని విడిచి బలహీనుని బంధించినది. మోటుపల్లి శాసనము రాజును, రాజుద్యోగులను బంధించినది. సుంకపు పట్టికకు ప్రాణమిచ్చటనే యున్నది. కరుణ యింతయని కొలుచుటకు వీలులేదు. ముప్పదింట నొకపాలనగా నెవరైనను లెక్కింపగలరు. సుంకరి యంతకు మించి యడిగినచో వర్తకుడు శిలను జూపగలడు. పట్టిక లేని కరుణ రాజుయొక్క దయ మాత్రమే. పట్టికతో గూడిన కరుణ వర్తకుని హక్కు. సరకుల వెలను నిర్ణయించి యం దిరువదింట నొకపాలు రాజు గొనవచ్చునని మనువు చెప్పియుండగా, గణపతిదేవు డంతకంటె తక్కువకే యొడంబడుట గూడ స్మరింపదగినది.

రాజునకు లాభము లేదా యన్నచో, తప్పక కలదు. ఏనుగులు, గుఱ్ఱములు సైన్యమునకు కావలెను. ఒక్క ఓడను దోచిన ఒక్కసారియే లాభము. వంద ఓడలు వచ్చుచు బోవుచు నుండిన ప్రతియేడును సుంకము. ఈ లెక్క శాసనకర్త యెఱుగనిది గాదు. అయినను లాభమున్నది గావున ధర్మము బూటకమనుట తర్కమునకు నిలువదు. దోచుటయందును లాభమున్నది, పూర్వరాజులు దానినే కోరిరి. రెండు లాభములలో నేది యెన్నదగినదో తేల్చుకొనునపుడు ధర్మమునుగూర్చిన తలపునకు స్థానమున్నది.

శాస్త్రమునకును ఆచరణమునకును గల సంబంధము ఇంతకంటె జటిలమైనదని చూపునది అదే గ్రామమందలి మఱియొక శాసనము. 1323లో కాకతీయ రాజ్యము పడిపోయిన పిదప కొండవీటి రెడ్లు తీరమునకు ప్రభువులైరి. అనపోతారెడ్డి 1358లో (శక 1280) మోటుపల్లి వర్తకులకు మరల ధర్మశాసన మొసగెను. నివసింపవచ్చిన వర్తకులకు భూమి నిచ్చుటయు, అపుత్రికధనమును, అనగా కొడుకులు లేక మరణించినవాని సొత్తును, రాజు గొనకుండుటయు నందలి ముఖ్యాంశములు. వారసులు లేని బ్రాహ్మణేతరుల ధనము రాజునకు జెందునని మనుస్మృతి చెప్పుచున్నది. ఇల్లువాకిళ్లు దూరమున విడిచివచ్చి పరదేశమున చనిపోవు వర్తకునకు ఈ నియమము ఎంత భయంకరమో ఊహింపవచ్చును. ఓడ విషయమున శాస్త్రము కరుణను విధింపగా ఆచారము దోచుకొన్నది; అపుత్రికధనము విషయమున శాస్త్రము హక్కు నీయగా ప్రభువు దానిని విడిచెను. రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చూచిన, ధర్మమనగా గ్రంథస్థవిధియేయని గాని, దేశాచారమేయని గాని నిర్ణయింపరాదని తెలియుచున్నది. బలాబలములను, భయములను, ప్రయోజనములను తూచి ప్రభువును ప్రజలును కాలానుగుణముగా కుదుర్చుకొన్న యొడంబడికయు అందు కలదు.

సముద్రయానమును గూర్చిన నిషేధము గూడ నిట్లే చూడవలెను. బౌధాయనుడు సముద్రయానమును పతనహేతువులలో జేర్చెను. ఆ నిషేధము గ్రంథములందుండగనే మోటుపల్లిలో ఓడలు దిగుచుండెను. ఆ ఓడలవారికి శివాలయ స్తంభముపై రాజాభయము చెక్కబడెను. తెలుగు కవిత్వము గూడ వారిని వెలివేయలేదు. శ్రీనాథుడు హరవిలాసమను శైవకావ్యమును అవచి తిప్పయసెట్టి కంకితమిచ్చుచు, సింహళమునుండి ఏనుగులను, హురుమంజినుండి గుఱ్ఱములను దెప్పించువాడని యాతనిని కొనియాడెను. సముద్రవర్తకుడు కృతిపతి యగుట సంఘము నిషేధమును ఎంతవఱకు పాటించెనో చూపుటకు చాలును.

భాషావేత్తల కిందొక చిన్న సూచన గలదు. శాసనములలో వర్తకసంఘమునకు ‘సమయము’ అను పేరు వాడబడినది. అదే పదము మతశాఖకును, కట్టుబాటునకును జెల్లును. సంఘము, మతము, ఒడంబడిక యను మూడర్థములను ఒక్క పదమున దాల్చిన భాషకు, ధర్మమును సుంకమును ఒక్క శిలపై చెక్కుట విరుద్ధముగా తోపలేదు. ఆ రెండింటిని వేఱుచేసి చూచుట మనము తెచ్చిపెట్టుకొన్న పద్ధతి.

అయినను ఒక పరిమితిని మఱువరాదు. గణపతిదేవుని యభయము శాశ్వతమైనచో, నూటపదునాలుగేండ్ల పిదప అనపోతారెడ్డి మరల నొకటి యీయవలసిన పని యుండదు. రాజ్యము మాఱినంతనే యభయమును మాఱునను భయము వర్తకుని విడువలేదు. శిల నిలిచినను, దానిని గౌరవించు ప్రభుత్వము నిలిచినపుడే దానికి విలువ. కావున శాసనములను పఠించు విద్యార్థి ధర్మవాక్యమును దాటవేయరాదు, దానియందే నిలిచిపోరాదు. ఆ వాక్యము క్రింద నేయే నియమము వ్రాయబడినది, అది యెవ్వరి చేయి గట్టినది, ఎన్నాళ్లు నిలిచినది అను మూడు ప్రశ్నలను ప్రతి శాసనమునందును వేసికొన్నచో, మతమును వర్తకమును సంఘమును విడివిడిగా గాక యొకే జీవితపు టంగములుగా మన చరిత్ర కనబడును.