ప్రాస ఉండేది పాదం చివర కాదు

పద్యం చూడగానే పాదాల చివర ఒకే మోత ఉందా అని వెతకడం సినిమా పాటలు నేర్పిన అలవాటు. అది అంత్యప్రాస, అలంకారం మాత్రమే. పద్యానికి ప్రాసస్థానం పాదంలో రెండో అక్షరం. అక్కడి హల్లు నాలుగు పాదాల్లోనూ ఒకటే కావాలి, అచ్చు మారవచ్చు.

అపోహ: ప్రాస లేకపోతే పద్యమే కాదు.

కందానికి, ఉత్పలమాలకు ప్రాస తప్పనిసరి. ఆటవెలదికి, తేటగీతికి ఆ నియమం లేదు. వేమన పద్యాలు ఎక్కువగా ఆటవెలదులే కదా!

అపోహ: యతి అంటే ఆగే చోటు, లేదా మొదటి అక్షరమే మళ్లీ రావడం.

సంస్కృతంలో యతి విరామమే. తెలుగులో అది అక్షరాల మైత్రి. ఉదాహరణకు ఆటవెలదిలో కట్టిన ఈ రెండు పాదాలు చూడండి:

పల్లె చెరువు మీద బారులై కొంగలు
తెల్లవారగానె తిరిగి వచ్చె

మొదటి పాదం ‘ప’తో మొదలైంది. నాలుగో గణం (అక్షరాల గుంపు) మొదట, అంటే యతిస్థానంలో, ‘బా’ ఉంది. ప, ఫ, బ, భ ఒక జట్టు. అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు. హల్లూ కుదిరింది, అచ్చూ కుదిరింది. రెండో పాదంలో ‘తె’కు ‘తి’ జత, ఎందుకంటే ఇ, ఈ, ఎ, ఏలకు మైత్రి ఉంది. అక్కడ ‘తా’ వేస్తే హల్లు అదే అయినా యతి చెడుతుంది. తెలుగు పద్యపు అందమంతా నాకు ఈ మైత్రిలోనే వినిపిస్తుంది: అదే అక్షరం కాకపోయినా చెవి దాన్ని చుట్టంగా గుర్తుపడుతుంది.

అపోహ: దీర్ఘమైతేనే గురువు.

‘పల్లె’లో ‘ప’ హ్రస్వమే. తర్వాత ‘ల్లె’ ఉంది కాబట్టి గురువైంది. ‘కొంగ’లో ‘కొ’ను సున్న గురువు చేసింది. ‘రాజప్రాసాదం’ వంటి సంస్కృత సమాసంలో ‘జ’ గురువే. ‘ఊరి ప్రజలు’ అన్నప్పుడు మాత్రం ‘రి’ని ఊనకుండా తేలిగ్గా పలుకుతాం, అది లఘువు. కాగితం మీద కళ్లతో గుర్తులు పెట్టేవారు తడబడేది ఇక్కడే. పైకి చదివితే నాలుకే చెబుతుంది.

అపోహ: పాదానికి ఇన్ని అక్షరాలని లెక్క ఉంటుంది.

ఉత్పలమాలకు 20, చంపకమాలకు 21 అక్షరాలు, నిజమే. ఆటవెలది లెక్క వేరు. మొదటి పాదంలో 3 సూర్యగణాలు, 2 ఇంద్రగణాలు. రెండో పాదంలో 5 సూర్యగణాలు. మూడో, నాలుగో పాదాలూ ఇదే వరుస. సూర్యగణంలో రెండు అక్షరాలైనా ఉండవచ్చు, మూడైనా ఉండవచ్చు; ఇంద్రగణంలో మూడైనా, నాలుగైనా. అందుకే మొదటి పాదంలో 12 నుంచి 17 అక్షరాల దాకా పడతాయి. పై పాదంలో ఉన్నవి 13. గణం మాటతోపాటే ముగియాలనీ లేదు. ‘తెల్ల–వార–గానె’ ఒకే మాట, మూడు గణాలు.